విండ్‌షీల్డ్ మీద చిన్న దెబ్బే కదా అని వదిలేస్తున్నారా? అమెరికాలో కారు నడిపే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన విషయాలు

హైవే మీద ముందు వెళ్తున్న ట్రక్కు చక్రం కింద నుంచి ఓ గులకరాయి ఎగురుతుంది. టక్‌మని ఒక్క చప్పుడు. విండ్‌షీల్డ్ మీద మినపగింజంత గుంట పడుతుంది. ఇంటికొచ్చి చూసుకుని "ఇంతేనా, వీకెండ్‌లో చూద్దాంలే" అనుకుంటాం. ఆ వీకెండ్ మాత్రం రాదు. కొన్ని వారాల తర్వాత బాగా చలిగా ఉన్న ఓ ఉదయం, పిల్లల్ని స్కూల్లో దింపే హడావిడిలో డీఫ్రాస్టర్ ఫుల్‌గా పెడతాం. కళ్ల ముందే ఆ గుంట నుంచి ఓ గీత బయలుదేరి అద్దం అవతలి చివరికి పాకిపోతుంది. అరగంటలో అయిపోయే చిన్న రిపేర్ కాస్తా అద్దం మొత్తం మార్చాల్సిన పనిగా మారుతుంది.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. డబ్బు సంగతి అలా ఉంచితే, ఇందులో అంతకంటే పెద్ద విషయం ఒకటి ఉంది. విండ్‌షీల్డ్ గాలినీ వాననూ ఆపే అద్దం మాత్రమే కాదు. యాక్సిడెంట్ జరిగినప్పుడు సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్‌లతో పాటు లోపలున్నవారిని కాపాడే భాగం. అందుకే దెబ్బ తగిలితే ఎప్పుడు రిపేర్ సరిపోతుంది, ఎప్పుడు మార్చాలి, ఇన్సూరెన్స్ ఎంతవరకు ఇస్తుంది, మార్చాక ఏం చూసుకోవాలి అన్నవి ముందే తెలిసి ఉండటం మంచిది.

ముందు అద్దం వేరు, పక్క అద్దాలు వేరు

కారు పక్క కిటికీలకు సాధారణంగా టెంపర్డ్ గ్లాస్ వాడతారు. గట్టి దెబ్బ తగిలితే అది పటిక బెల్లం పలుకుల్లా చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. విండ్‌షీల్డ్ అలా కాదు. అది లామినేటెడ్ గ్లాస్. అంటే రెండు గాజు పలకలు, వాటి మధ్య పీవీబీ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. గాజు పగిలినా ముక్కలు ఆ పొరకు అతుక్కునే ఉంటాయి, మొహం మీదకు రావు.

ఈ ఆలోచన ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బెనెడిక్టస్‌ది. ఆయన ల్యాబ్‌లో కింద పడిన ఓ గాజు పాత్ర పగిలింది గానీ ముక్కలు విడిపోలేదట. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచింది. అక్కడి నుంచి మొదలైన ఆలోచనకు ఆయన 1909లో పేటెంట్ తీసుకున్నారు. అమెరికాలో కారు అద్దాలు ఎలా ఉండాలో ఫెడరల్ భద్రతా ప్రమాణం నంబర్ 205 చెబుతుంది. మీ విండ్‌షీల్డ్ కింది మూలలో చిన్న అక్షరాల్లో ఏఎస్1 అన్న ముద్ర కనిపిస్తుంది. విండ్‌షీల్డ్‌గా వాడదగిన గాజు అని దానర్థం. దాని పక్కనే డాట్ అన్న అక్షరాలు, తయారీదారు కోడ్ ఉంటాయి. అద్దం మార్పించినప్పుడు ఈ ముద్ర ఉందో లేదో ముందు చూసుకోండి.

యాక్సిడెంట్‌లో ఇది చేసే పని

మొదటిది, సీటు బెల్టు పెట్టుకోనివారు బయటకు విసిరేసినట్టు పడిపోకుండా అడ్డుకోవడం. రెండోది, ప్యాసింజర్ వైపు ఎయిర్‌బ్యాగ్‌కు ఆనుడుగా నిలవడం. చాలా కార్లలో ఆ బ్యాగ్ డ్యాష్‌బోర్డ్ నుంచి పైకి విచ్చుకుని, విండ్‌షీల్డ్‌కు తగిలి ప్యాసింజర్ వైపు తిరుగుతుంది. అద్దం ఊడిపోతే బ్యాగ్ బయటకు వెళ్లిపోతుంది, పక్క సీట్లో ఉన్నవారికి అడ్డు ఏమీ ఉండదు. మూడోది, కారు పల్టీ కొట్టినప్పుడు పైకప్పు నలగకుండా కొంత బలం ఇవ్వడం.

ఈ మూడు పనులూ జరగాలంటే అద్దం తన చోటు నుంచి కదలకూడదు. ఫెడరల్ ప్రమాణం నంబర్ 212 ఉన్నది ఇందుకే. గంటకు 30 మైళ్ల వేగంతో కారును ఎదురుగా గోడకు గుద్దించే పరీక్షలో విండ్‌షీల్డ్ చుట్టు అంచు కనీసం ఎంతవరకు ఊడకుండా ఉండాలో అది నిర్ణయిస్తుంది. ఫ్యాక్టరీలో అతికించిన అద్దం ఈ పరీక్షను తట్టుకుంటుంది. తర్వాత మనం మార్పించే అద్దం కూడా అలాగే తట్టుకోవాలంటే, అంతా ఆ రోజు జిగురు పెట్టే మనిషి చేతిలో ఉంటుంది.

రాయి తగిలిన వెంటనే ఏం చేయాలి?

చప్పుడుకు కంగారుపడి బ్రేక్ మీద కాలు వేయకండి. ట్రక్కును వెంబడించకండి. నెమ్మదిగా లేన్ మారి దానికి దూరం జరగండి. ఇల్లు చేరాక లేదా సురక్షితంగా ఆగాక ఫోన్‌తో దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి ఫొటో తీసుకోండి. గుంటను వేలితో నొక్కి చూడకండి. పారదర్శకమైన టేపు చిన్న ముక్క పైన అతికించండి. అది దుమ్మూ తడీ లోపలికి పోకుండా ఆపుతుంది. డ్రైవర్ చూపుకు అడ్డం వచ్చే చోట మాత్రం టేపు వద్దు. రిపేర్ అయ్యేదాకా కార్‌వాష్‌కు వెళ్లకండి. నీళ్లూ సబ్బూ పగులులోకి పోతే రెసిన్ సరిగా పట్టదు, మచ్చ మిగిలిపోతుంది.

ట్రక్కుల వెనక "పగిలిన అద్దాలకు మాది బాధ్యత కాదు" అన్న బోర్డులు చూస్తుంటాం. బోర్డు పెట్టినంత మాత్రాన చట్టం మారదు. సరిగా కప్పని లోడ్ నుంచి రాయి పడితే ఆ ట్రక్కు వాళ్లను బాధ్యులుగా అడగవచ్చు. రోడ్డు మీద ఉన్న రాయి టైరు తగిలి ఎగిరితే మాత్రం వాళ్ల తప్పని చూపించడం చాలా కష్టం. డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ వీడియో దాచుకోండి.

రిపేరా, మార్పా?

ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. జేబులోంచి ఓ క్వార్టర్ నాణెం తీయండి. దాని అడ్డకొలత ఒక అంగుళానికి కొంచెం తక్కువ. గుంట ఆ నాణెం కింద దాగిపోతే సాధారణంగా రిపేర్‌కు వీలుంటుంది. పగులు అయితే డాలర్ నోటుతో కొలవండి. అది ఆరు అంగుళాల పైచిలుకు పొడవు ఉంటుంది. పగులు అంతకంటే చిన్నదైతే చాలా షాపులు రిపేర్ చేస్తాయి. కొన్ని ఇంకా పొడవైనవి కూడా చేస్తాయి గానీ, పొడవు పెరిగేకొద్దీ రిపేర్ నిలిచే నమ్మకం తగ్గుతుంది.

సైజు చిన్నదైనా ఈ సందర్భాల్లో అద్దం మార్చడమే మంచిది. పగులు అద్దం అంచు దాకా వెళ్లినప్పుడు. లోపలి గాజు పలక కూడా దెబ్బతిన్నప్పుడు. మధ్యలోని ప్లాస్టిక్ పొర చిరిగినప్పుడు. రియర్ వ్యూ మిర్రర్ వెనక ఉండే కెమెరా చూసే చోట దెబ్బ పడినప్పుడు. డ్రైవర్ కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు కూడా ఆలోచించాలి. రిపేర్ చేశాక బలం వస్తుంది గానీ చిన్న మచ్చ మిగులుతుంది. రాత్రిపూట ఎదురు హెడ్‌లైట్లు పడితే ఆ మచ్చ మెరుస్తుంది.

రిపేర్ పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. గుంట మీద చిన్న పరికరం బిగించి లోపలి గాలిని లాగేస్తారు. తర్వాత పలుచని రెసిన్‌ను ఒత్తిడితో లోపలికి పంపి, యూవీ లైట్‌తో గట్టిపరుస్తారు. చివర్లో పైభాగాన్ని గీకి నునుపు చేస్తారు. మొత్తం అరగంట పని. ఇల్లు లేదా ఆఫీస్ పార్కింగ్‌కు వచ్చి చేసేవాళ్లూ ఉన్నారు. దుకాణాల్లో దొరికే రిపేర్ కిట్ చిన్న గుంటకు పనికొస్తుంది. అది సరిగా కుదరకపోతే మాత్రం గట్టిపడిన రెసిన్‌ను తీసి మళ్లీ చేయడం టెక్నీషియన్‌కు కూడా కష్టం.

వేడీ చలీ చేసే చెరుపు

గాజు వేడికి వ్యాకోచిస్తుంది, చలికి కుంచించుకుంటుంది. అద్దంలో ఒక భాగం వేడిగా, ఇంకో భాగం చల్లగా ఉంటే ఆ ఒత్తిడి అంతా పగులు కొనల దగ్గర చేరుతుంది. చిన్న గుంట రాత్రికి రాత్రే గీతగా మారడానికి ఇదే కారణం. పై నుంచి కిందికి కారు అదురు తోడైతే చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి మొదటిసారి మంచు చూసేవారు చేసే పొరపాటు ఒకటుంది. గడ్డకట్టిన అద్దం మీద కెటిల్‌తో వేడినీళ్లు పోస్తారు. బాగున్న అద్దం కూడా దాంతో పగలవచ్చు. వంటింట్లోని అట్లకాడతో గీకితే గీతలు పడతాయి. ఐస్ స్క్రేపర్ కొన్ని డాలర్లకే దొరుకుతుంది, కారులో ఒకటి పడేసి ఉంచండి. డీఫ్రాస్టర్‌ను తక్కువ వేడితో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. వైపర్లు అద్దానికి గడ్డకట్టి ఉంటే అవి విడిపోయేదాకా ఆన్ చేయకండి. టెక్సాస్, అరిజోనా వేసవిలో దీనికి రివర్స్. ఎండలో కాలిపోతున్న కారు ఎక్కగానే ఏసీ గాలిని నేరుగా అద్దం మీదకు పంపకండి. ముందు కిటికీలు దించి వేడి బయటకు పోనివ్వండి.

అద్దం మార్చేటప్పుడు గమనించాల్సినవి

మీ కారులో వర్షాన్ని గుర్తించే సెన్సర్, చప్పుడు తగ్గించే అకూస్టిక్ గాజు, అద్దం మీద వేగం చూపించే హెడ్స్ అప్ డిస్‌ప్లే, వైపర్ల కింద వేడి తీగలు లాంటివి ఉన్నాయేమో ముందే చెప్పండి. ఒకే మోడల్ కారుకు నాలుగైదు రకాల విండ్‌షీల్డ్‌లు ఉండొచ్చు. విన్ నంబర్ ఇస్తే సరైనది తెప్పిస్తారు. కారు కంపెనీ ముద్రతో వచ్చే గాజును ఓఈఎం అంటారు. వేరే కంపెనీలు చేసే ఆఫ్టర్‌మార్కెట్ గాజు ధర తక్కువ. అన్నీ నాసిరకం కావు. అయితే కెమెరా ఉన్న కార్లకు ఏది వాడాలో కొన్ని కార్ల కంపెనీలు స్పష్టంగా చెబుతాయి. ఓనర్స్ మాన్యువల్ చూడండి లేదా డీలర్‌ను అడగండి.

అన్నిటికంటే ముఖ్యం జిగురు. విండ్‌షీల్డ్‌ను యురేథేన్ అనే జిగురుతో కారు చట్రానికి అతికిస్తారు. పని తెలిసినవాళ్లు చేతులకు గ్లవ్స్ వేసుకుంటారు. ఎందుకంటే వేళ్ల జిడ్డు తగిలిన చోట జిగురు పట్టదు. పాత జిగురును పలుచని పొర మిగిలేలా కోస్తారు. గీత పడిన పెయింట్‌కు ప్రైమర్ రాస్తారు, తుప్పు ఉంటే ముందు దాన్ని సరిచేస్తారు. ఇవన్నీ వదిలేసి గబగబా అంటించినా బయటకు అద్దం ఒకేలా కనిపిస్తుంది. తేడా యాక్సిడెంట్ రోజునే బయటపడుతుంది.

యురేథేన్ గాలిలో తేమతో గట్టిపడుతుంది. కారు కదపడానికి ఎంతసేపు ఆగాలన్నది జిగురు రకాన్ని, ఆ రోజు ఎండను, తేమను బట్టి మారుతుంది. కొన్నిటికి గంట లోపే చాలు, మరికొన్నిటికి చాలా గంటలు కావాలి. దీన్నే సేఫ్ డ్రైవ్ అవే టైమ్ అంటారు. "ఎన్ని గంటలకు నడపవచ్చు?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. "పర్లేదు, వెళ్లిపోండి" అని వెంటనే తాళాలు చేతిలో పెట్టేవాళ్ల మాట వినకండి. ఆ సమయం తీరకుండా పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదకు వెళ్లడమంటే, పైన చెప్పిన మూడు రక్షణలూ లేని కారులో వెళ్లడమే. మొదటి రోజంతా ఓ కిటికీ కొంచెం దించి ఉంచండి. తలుపులు దభాల్న వేయకండి. లోపలి గాలి ఒత్తిడికి మెత్తటి జిగురు కదులుతుంది. రెండు రోజుల పాటు ప్రెషర్ కార్‌వాష్ వద్దు.

కెమెరా క్యాలిబ్రేషన్ మరవకండి

ఈ మధ్య వచ్చిన కార్లలో ఆటోమేటిక్ బ్రేకింగ్, లేన్ కీపింగ్ లాంటి సదుపాయాలకు కన్ను విండ్‌షీల్డ్ పైభాగంలో ఉండే కెమెరానే. అద్దం మార్చినప్పుడు దాన్ని తీసి మళ్లీ పెడతారు. అది ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 300 అడుగుల దూరంలో గురి ఐదడుగులకు పైగా తప్పుతుంది. అంటే పక్క లేన్‌లోని కారును మీ లేన్‌లో ఉన్నట్టు అనుకోవచ్చు, ఎదురుగా ఉన్నదాన్ని గమనించకపోవచ్చు.

అందుకే మార్చిన తర్వాత క్యాలిబ్రేషన్ చేయాలి. కొన్ని కార్లకు షాపులో కొలిచిన దూరంలో టార్గెట్ బోర్డులు పెట్టి చేస్తారు. కొన్నిటికి రోడ్డు మీద నడుపుతూ చేస్తారు. మరికొన్నిటికి రెండూ కావాలి. డ్యాష్‌బోర్డ్ మీద హెచ్చరిక లైటు వెలగలేదు కాబట్టి అంతా బాగుందని అనుకోవద్దు. పని పూర్తయిన రిపోర్ట్ ప్రింట్ అడిగి తీసుకోండి. దీనికి విడిగా కొన్ని వందల డాలర్లు పడవచ్చు. అంచనా వేయించుకునేటప్పుడే ఆ మొత్తం అందులో ఉందో లేదో అడగండి. కొత్త కార్లన్నిటికీ 2029 సెప్టెంబర్ నుంచి ఆటోమేటిక్ బ్రేకింగ్ తప్పనిసరి చేస్తూ 2024లో ఫెడరల్ నిబంధన వచ్చింది. కాబట్టి ఈ ఖర్చు ఇక మామూలైపోతుంది.

ఇన్సూరెన్స్ ఎంతవరకు ఇస్తుంది?

రాయి తగిలి పగిలిన అద్దం కాంప్రిహెన్సివ్ కవరేజీ కిందకు వస్తుంది. లయబిలిటీ మాత్రమే ఉంటే ఒక్క డాలర్ కూడా రాదు. మాస్టర్స్ కోసం వచ్చిన విద్యార్థులు పాత కారు కొని, ప్రీమియం తగ్గుతుందని లయబిలిటీతో సరిపెట్టుకోవడం మామూలే. అలాంటివారికి చిప్ పడగానే రిపేర్ చేయించుకోవడం ఇంకా అవసరం. ఎందుకంటే ఆలస్యమైతే అద్దం ఖర్చంతా జేబులోంచే పెట్టుకోవాలి.

కాంప్రిహెన్సివ్ ఉన్నా డిడక్టబుల్ 500 డాలర్లు అయితే, 450 డాలర్ల అద్దానికి క్లెయిమ్ వేసి లాభం లేదు. కానీ మార్పు కాకుండా రిపేర్ మాత్రమే అయితే చాలా కంపెనీలు డిడక్టబుల్ అడగవు. ముందు ఏజెంట్‌ను అదొక్కటే అడగండి. ఫ్లోరిడా, కెంటకీ, సౌత్ కరోలినాల్లో కాంప్రిహెన్సివ్ ఉన్నవారికి విండ్‌షీల్డ్ మీద డిడక్టబుల్ వేయకూడదని చట్టమే చెబుతోంది. అరిజోనా, మిన్నెసోటా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో డిడక్టబుల్ లేని గ్లాస్ కవరేజీని కొంచెం ఎక్కువ ప్రీమియంతో విడిగా తీసుకునే వీలుంది. ఓఈఎం గాజు కావాలంటే పాలసీలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

పార్కింగ్ లాట్‌లో "ఫ్రీ" అంటే జాగ్రత్త

గ్రాసరీ స్టోర్ ముందో కార్‌వాష్ దగ్గరో ఒకరు వచ్చి "మీ అద్దం మీద చిప్ ఉంది, ఫ్రీగా కొత్తది వేస్తాం, గిఫ్ట్ కార్డు కూడా ఇస్తాం" అంటారు. మీ ఇన్సూరెన్స్ కార్డు చూపించమని, ట్యాబ్ మీద సంతకం పెట్టమని అడుగుతారు. ఆ సంతకంతో మీ క్లెయిమ్ హక్కు వాళ్ల చేతికి వెళ్లవచ్చు. ఎక్కువ బిల్లు వేసి మీ పేరు మీద ఇన్సూరెన్స్ కంపెనీతో కోర్టుకు కూడా వెళ్తారు. ఫ్లోరిడాలో ఇలాంటి కేసులు విపరీతంగా పెరగడంతో, 2023లో చట్టం మార్చి ఆటో గ్లాస్ క్లెయిమ్ హక్కులను షాపులకు రాసివ్వడాన్ని, క్లెయిమ్ వేయించినందుకు బహుమతులు ఇవ్వడాన్ని నిషేధించారు. ఏ రాష్ట్రమైనా పద్ధతి ఒకటే. కార్డు చూపించకండి, సంతకం పెట్టకండి. ఇంటికి వెళ్లి మీరే ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేయండి.

సెకండ్ హ్యాండ్, రెంటల్ కార్లు తీసుకునేటప్పుడు

పాత కారు కొనేముందు వెలుతురులో అద్దం అంచులన్నీ చూడండి. మూలల్లో తుప్పు, బయటకు కారిన జిగురు, లోపల కార్పెట్ తడి వాసన ఉంటే అద్దం సరిగా మార్చలేదని అనుమానించాలి. వేగంగా వెళ్తున్నప్పుడు ఈల లాంటి శబ్దం రావడం కూడా అదే సూచన. టెక్సాస్‌లో మామూలు కార్లకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. కాబట్టి అక్కడ కొనేవారు చూసుకోవాల్సింది ఇక తామే. రెంటల్ కారు అయితే లాట్ దాటకముందే అద్దం ఫొటో తీసుకోండి. లీజు కారు తిరిగిచ్చేటప్పుడు పగులు ఉంటే బిల్లు వేస్తారు. చిప్‌గా ఉన్నప్పుడే రిపేర్ చేయిస్తే ఆ బాధ తప్పుతుంది.

పూజ కుంకుమ, మిర్రర్‌కు వేలాడే దండ

కొత్త కారు కొనగానే గుడికి తీసుకెళ్లి వాహన పూజ చేయించడం మన అలవాటు. చేయించుకోండి. బొట్లు మాత్రం బానెట్ మీద పెట్టించండి, అద్దం మీద కెమెరా, సెన్సర్ ఉన్న చోట పసుపు కుంకుమలు పడనివ్వకండి. మిర్రర్‌కు దండలు, నిమ్మకాయలు మిరపకాయలు వేలాడదీస్తే చాలా రాష్ట్రాల్లో చూపుకు అడ్డమని టికెట్ ఇస్తారు. పగిలిన అద్దానికీ అంతే. డ్రైవర్ చూపుకు అడ్డొచ్చే పగులు ఉంటే పోలీసులు ఆపే వీలుంది. నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి.

షాపుకు ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి

ఇది రిపేర్‌తో అవుతుందా, మార్చాల్సిందేనా, ఎందుకు? గాజు ఏ కంపెనీది, నా కారులోని సెన్సర్లకు సరిపోతుందా? ఆటో గ్లాస్ సేఫ్టీ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం పని చేస్తారా? ఏ జిగురు వాడతారు, ఎంతసేపటి తర్వాత నడపవచ్చు? క్యాలిబ్రేషన్ మీరే చేస్తారా, రిపోర్ట్ ఇస్తారా? నీరు కారితే వారంటీ ఎంతకాలం?

వీటికి సూటిగా జవాబు చెప్పని షాపును వదిలేసి ఇంకొకరికి ఫోన్ చేయండి. ఇప్పటికే మీ అద్దం మీద చిన్న చిప్ ఉంటే వీకెండ్ దాకా ఆగకండి, ఈరోజే టేపు వేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి.